సాని, ఇల్లాలు, ముత్తైదువ: వెలనాటి స్త్రీవాచకముల అర్థపరిణామము

రేపల్లెకు సమీపమున భట్టిప్రోలు గ్రామములో నొక పెద్ద ఇటుకదిబ్బ కలదు. 1892లో అలెగ్జాండరు రీ అను పురావస్తు శాఖాధికారి దానిని త్రవ్వించి, అది బౌద్ధస్తూపమని నిరూపించెను. స్తూపగర్భమున మూడు ధాతుకరండములు దొరకినవి. వాటిపై చెక్కిన ప్రాకృతశాసనములను బ్యూలరు పండితుడు చదివి ప్రకటించెను. ఆ లిపి దక్షిణదేశపు లిపుల చరిత్రలో నొక ప్రత్యేకస్థానము నందినది. క్రీస్తుపూర్వము మూడు, రెండు శతాబ్దుల నాటిదని విద్వాంసులు దానిని నిర్ణయించిరి. లిపిని గూర్చి చాల వ్రాసియున్నారు. మేమిచట లిపిని విడిచి రెండు మాటలను మాత్రము గ్రహించుచున్నాము.

మొదటి మాట శాసనములోనిది. ఆ నిక్షేపములలో నొక స్ఫటికఖండము కలదు. దానిమీద సన్నని అక్షరములతో, నందపురమునకు చెందిన స్త్రీలును మఱికొందఱు శ్రామణేరులును చేసిన దానము పేర్కొనబడినది. అచట స్త్రీలకు వాడిన పదము 'మాతుగామ'. సంస్కృతమున చెప్పవలెనన్న మాతృగ్రామము, అనగా తల్లుల సమూహము. పాళీభాషలో స్త్రీజాతికంతటికి ఇది సామాన్యవాచకము. రెండవ మాట శాసనములోనిది కాదు, దిబ్బది. రీ త్రవ్వించుటకు వచ్చునాటికి గ్రామస్థులు ఆ దిబ్బను 'లంజదిబ్బ' అని పిలుచుచుండిరి. కృష్ణకు ఆవలి యొడ్డున ఘంటసాలలోని స్తూపపు దిబ్బకును అదియే పేరు. తల్లుల సమూహము దానమిచ్చినదని లోపల వ్రాసియున్న కట్టడమునకు, పైన నిలిచిన పేరు ఇది.

మాతుగామ శబ్దము కేవల గౌరవవాచకమని మేమనుట లేదు. వినయగ్రంథములలో భిక్షువు దూరముగా నుండవలసిన ప్రమాదముగా గూడ ఆ పదము కనిపించును. కాని స్ఫటికముమీద ఆ స్త్రీలు ప్రమాదము కారు, దాతలు. బౌద్ధము మఱపునబడిన పిమ్మట అంత ఇటుకకట్టడమును ఎవరు కట్టించిరని గ్రామస్థులు తమలో తామే ప్రశ్నించుకొనియుందురు. గృహస్థురాలు కట్టించునది కాదు, రాజు పేరా వినబడదు. ఇంటికి వెలుపల నిలిచి, స్వంత ధనము కలిగి, తన పేర దానమీయగల స్త్రీకి తరువాతి తెలుగులో మిగిలిన పేరు ఒక్కటే. దిబ్బకు ఆ పేరే పడినదని మా యూహ. భిక్షుణుల జ్ఞాపకమే చెడి ఇట్లు మాఱినదని కొందఱనుట కలదు. అది వినుటకు ఇంపుగా నున్నను, అంత నేరుగా సంబంధము కల్పించుట సాహసము.

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతమునకు మధ్యయుగమున వెలనాడని పేరు. చందవోలు దానికి రాజధాని. ఈ నాటిలో స్త్రీని పేర్కొను మాటలు రెండువేల యేండ్లుగా నెట్లు మాఱినవో చూచుట ఈ వ్యాసపు ఉద్దేశము. ఆంగ్లభాషలోని తత్సమానమైన మార్పులను అక్కడక్కడ పోల్చి చూతుము. ఆంగ్లమున ఈ చర్చ చాల జరిగినది గనుక అది మనకు కొలబద్దగా నుపకరించును, అంతకు మించి కాదు.

తెలుగున మూలపదము 'ఆలు'. తమిళాది సోదరభాషలను చూచిన, దీని తొలి యర్థము స్త్రీ యనియే తేలును. 'ఆడు' అను విశేషణమును ఈ కుదురులోనిదే. బహువచనము 'ఆండ్రు'. కాలక్రమమున విడిగా వాడిన ఆలు 'భార్య'కు కుదించుకొనిపోయినది. 'ఆలుబిడ్డలు' అన్నపుడు, 'ఆలుమగలు' అన్నపుడు మనకు స్త్రీ తోచదు, భార్యయే తోచును. ఆంగ్లమున 'వైఫ్' శబ్దపు చరిత్రయు అక్షరాల ఇట్టిదే. ప్రాచీనాంగ్లమున అది స్త్రీమాత్రవాచకము, నేడు భార్య. భాషలకు చుట్టఱికము లేకున్నను కుటుంబవ్యవస్థ యొక్కటియైనపుడు పదములు నడచు త్రోవయు నొక్కటి యగును.

అయితే సమాసములు పాతయర్థమును కాపాడును. 'పేదరాలు' అన్న పేదవాని భార్య కాదు, పేద స్త్రీ. జవరాలు, ముద్దరాలు, బాలింతరాలు, మనుమరాలు అన్నియు నిట్టివే. పేదాదులకు ఆలుశబ్దము పరమగునపుడు రుగాగమము వచ్చునని మనము పిల్లలకు సంధిసూత్రముగా చెప్పుచున్నాము. ఆ సూత్రమునందొక చరిత్ర దాగియున్నదని చెప్పుట లేదు. పల్నాటి కథలోని నాగమ్మకు 'నాయకురాలు' అను పేరు స్థిరపడుటకు గూడ ఆలులోని ఈ పాతయర్థమే యాధారము. నాయకుని భార్యయై గాక, తానే నాయకత్వము వహించి ఆమె ఆ పేరు పొందినది.

ఇక 'ఇల్లాలు'. ఇంటియందలి ఆలు. ఇందుకు ఆంగ్లమున సరిగా సరిపోవునది 'హౌస్‌వైఫ్'. ఆ మాటయే పలుకుబడిలో నలిగి 'హస్సీ' యై, ఆ నలిగిన రూపము కొంతకాలమునకు సిగ్గులేని స్త్రీ యని అర్థము తెచ్చుకొన్నది. ఒక్క పదమే రెండుగా చీలి, నిండురూపము ఇంటను, చెడినరూపము వీధిని నిలిచినవి. మన ఇల్లాలికి ఈ గతి పట్టలేదు. ఆమె నేటికిని ఇల్లాలే. కాని గమనింపుడు: ఇల్లాలికి పోటీగా భాష 'వెలయాలు' అను మాటను నిర్మించుకొన్నది. వెలకు ఆలు. ఇల్లు, వెల అను రెండు పూర్వపదములు తప్ప మూడవది లేనట్లు స్త్రీలోకమును రెండుగా పంచినది. ఈ పంపకము పదములలో నున్నంత పదిలముగా లోకములో నుండెనా యన్నది 'సాని' శబ్దమును పరిశీలించిన తెలియును.

సాని శబ్దము సంస్కృతపు స్వామినీశబ్దమునుండి వచ్చినది. ఏలిక స్త్రీ యని అర్థము. కాకతీయుల తొలిదినములలో గూడూరు శాసనమున ప్రసిద్ధురాలైన విరియాల కామసాని సామంతకుటుంబపు స్త్రీ. కాకతి బేతరాజును నిలిపినది ఆమెయే యని ఆ శాసనము చెప్పుచున్నది. ఆ కాలమున పేరుచివర సాని యని వచ్చిన ఉన్నతకుటుంబస్త్రీలు మఱికొందఱు కలరు. తీరాంధ్రదేవాలయ శాసనములలోనో, దేవుని కొలువులో నాట్యగానాదులు నిర్వహించు స్త్రీలును సానులే. 'గుడిసాని' యనియు, సమూహముగా 'సానిమున్నూఱు' అనియు వారికి పేర్లు. దొర భార్యకును దేవుని కొలువు స్త్రీకిని నొకే పదము చెల్లినది. ఇందు వింత లేదు. స్వామికి చెందినది స్వామిని. ఆ స్వామి మానవుడైననేమి, భావనారాయణుడైననేమి?

బాపట్ల భావనారాయణస్వామి యాలయమున పండ్రెండు, పదమూడు శతాబ్దుల శాసనములు విస్తారముగా నున్నవి. అఖండదీపమునకు గోవులను, గొఱ్ఱెలను ఇచ్చిన దానములు వాటిలో నెక్కువ. ఈ తీరమునందలి దేవాలయములలో గుడిసానులు ఇట్టి దానములు స్వయముగా చేసిరి. పలువురు తమ తండ్రిపేరు చెప్పుకొనిరి. ఆ తండ్రులలో నాయకులును సెట్లును కలరు. తండ్రిపేరు చెప్పుకొని, తన ధనముతో దీపము నిలిపి, రాతిమీద పేరు వ్రాయించుకొన్న స్త్రీని నేటి యర్థమున 'వేశ్య' యని అనువదించుట యెంత తప్పో విద్యార్థులు గుర్తింపవలెను. ఇది పండితుల పట్టుదలకు సంబంధించిన చిన్నవిషయము కాదు. శాసనములను ఆంగ్లమున సంక్షేపించిన పూర్వులు ఎచట సాని కనబడిన అచట 'నాట్యకత్తె' యనియో అంతకు తక్కువమాటయో వేసిరి. వారిని చూచి మనవారును వ్రాసిరి. దానివలన ఆలయపాలనలో భాగమున్న స్త్రీసమూహమొకటి చరిత్రపుటలలో ఒకే మాటతో కొట్టివేయబడినది.

తెనాలికి గుంటూరునకు నడుమ నున్న చేబ్రోలు ఈ సందర్భమున స్మరింపదగినది. గణపతిదేవుని గజసేనానియైన జాయప అచట తన తండ్రిపేర చోడేశ్వరాలయమును నిర్మించెను. 1213 నాటి ఆయన శాసనము అచటనే కలదు. ఆ జాయపయే 'నృత్తరత్నావళి' రచించెను. మార్గనృత్తముతో పాటు దేశినృత్తమును అంత వివరముగా వ్రాసిన సేనాని, ఆ నృత్తమును కన్నులార చూచియే వ్రాసియుండవలెను. చూపినవారు సానులు గాక మఱియెవరు? జాయప తోబుట్టువులు నారాంబ, పేరాంబలు గణపతిదేవునకు దేవేరులైరి. కులీనస్త్రీలు అంతఃపురమునకు పోయిన ఆ యింటివాడే, సానుల విద్యను శాస్త్రముగా గ్రంథస్థము చేసెను. అతని దృష్టిలో సాని నీచపదమై యుండినదని తలచుటకు అవకాశము కానరాదు.

ఆరువందల యేండ్ల పిదప బ్రౌనుదొర 1852లో ప్రకటించిన నిఘంటువునందు సాని శబ్దమునకు గౌరవస్త్రీ యను నర్థమును, నాట్యవేశ్య యను నర్థమును ప్రక్కప్రక్కన నున్నవి. అప్పటికి ఆ రెండును ఇంకను ఒకే గడపలో కాపురముండినవని తెలియుచున్నది. గౌరవార్థము మాత్రము అప్పటికే ఒంటరిగా నిలువలేక 'దొర' అను ఊతకఱ్ఱ పట్టినది. దొరసాని యన్ననే గౌరవము. ఆంగ్లేయుల పాలనలో కలెక్టరుల భార్యలు, మిషనరీ స్త్రీలు దొరసానులైరి. గుంటూరునకు 1883లో వచ్చి స్త్రీలకు వైద్యము చేసిన అన్నా కుగ్లరువంటి అవివాహిత గూడ ప్రజల నోట దొరసానియే యగునుగాని, ఏ దొరకును భార్య కాదు. ఊతలేని సాని 'సానివాడ'లో మిగిలినది.

ఆంగ్లమున 'క్వీన్' శబ్దమును దీనితో పోల్చవచ్చును. ఒకే కుదురున పుట్టి, ఉచ్చారణ దాదాపుగా నొక్కటియైన రెండు పదములలో నొకటి రాణియైనది, మఱియొకటి కులట యైనది. రెంటికి మూలార్థము స్త్రీయే. రెండవది నేడు వ్యవహారమునుండి దాదాపు తొలగినది. రాణితో చెవికి కలసిపోవు తిట్టు ఎంతకాలము బ్రదుకును? తెలుగున జరిగినది దీనికి విపర్యయము. ఇచట చెడ్డయర్థమే ఒంటిపదమును కాజేసినది.

కాని మూడవ సాని యొకతె కలదు. ఆమెను మన వ్యాసకర్తలు తఱచు మఱచెదరు. ఆమె మంత్రసాని. పురుడుపోయు స్త్రీ. ఏ కులము స్త్రీయైనను, ఏ యింటి గడపయైనను, ప్రసవసమయమున మంత్రసాని మాటయే చెల్లును. ఈ సమాసమున సాని శబ్దము పాతగౌరవమును చెక్కుచెదరక నిలుపుకొన్నది. చిత్రమేమన, ఆంగ్లమునను 'వైఫ్' శబ్దపు పాతయర్థము మిగిలిన పదము 'మిడ్‌వైఫ్', అనగా మంత్రసానియే. అందలి వైఫ్ భార్య కాదు, స్త్రీ. రెండు భాషలలోను పురిటిగది పాతమాటను దాచినది. మగవారి రాకపోకలు లేని తావున పదమునకు త్వరగా మాఱవలసిన యక్కఱ కలుగలేదేమో!

రాణిని గూర్చి ఒకటి రెండు మాటలు. వెలనాటి చోడులలో గొంకరాజు భార్య జయాంబిక 1186 నాటి పిఠాపుర శాసనమున కుంతీమాధవస్వామికి నవఖండవాడ గ్రామమును దానముచేసినట్లు కనబడును. అపుడు పాలించుచున్న పృథ్వీశ్వరునకు ఆమె తల్లి. రాజు భార్యగా, రాజు తల్లిగా స్త్రీకి పేరు కలదు. తానే రాజైనపుడు మాత్రము భాషకు మాట దొరకలేదు. 1262 నుండి 1289 వఱకు ఏలిన రుద్రమ శాసనములలో తఱచు 'రుద్రదేవమహారాజు'. రాణి యన్న రాజుపత్ని యని అర్థము స్థిరపడినందున, ఏలికకు పురుషనామమే దిక్కైనది. దీనిని కేవలము మాఱువేషముగా కథలల్లినవారు భాషయొక్క లోటును గమనింపలేదు.

ఇక భర్తృసంబంధమునుబట్టి స్త్రీని విభజించు మాటలు. ఇచట మార్పులు మిక్కిలి క్రూరముగా నున్నవి. 'ముత్తైదువ' శబ్దములోని ఐదువను ఐదు సంఖ్యకు ముడిపెట్టి, పసుపు, కుంకుమ, గాజులు, మట్టెలు, మంగళసూత్రము అని ఐదు లెక్కించుట ఇంటింట విన్నదే. లెక్క అందముగా నున్నది గాని నిజము కాదు. సంస్కృతపు 'అవిధవ' ప్రాకృతమున నలిగి ఐదువ యైనది. అనగా విధవ కానిది. నోములందు, పేరంటములందు ముందుగా బొట్టుపెట్టించుకొను మంగళకరమైన స్త్రీకి భాష పెట్టిన పేరు, ఆమెకు రాని యాపదను చెప్పి కాదనుటయే. ఐదు వస్తువుల లెక్క ఆ అశుభమును వినబడకుండ చేయుటకు పుట్టినదని మాకు తోచుచున్నది. తప్పు వ్యుత్పత్తియైనను దయగల వ్యుత్పత్తి.

విధవ శబ్దమునకు ఈ దయ దక్కలేదు. దాని తద్భవము 'వెధవ' నేడు పురుషునిమీదికి పోయినది. అల్లరిపిల్లవానిని తాత ముద్దుగను, పనివానిని యజమాని కోపముగను వెధవ యందురు. ఆ మాట యెవరి దుఃఖమునుండి పుట్టినదో పలుకువారికి తోచదు. 'ముండ' యొక్క గతి ఇంకను హీనము. సంస్కృతమున ముండశబ్దము తల గొఱిగించుకొన్న స్థితిని చెప్పును. భర్త పోయినపుడు తల గొఱిగించు ఆచారమువలన అది విధవకు పేరైనది. పిదప భర్త యున్న స్త్రీకిని, పెండ్లికాని పిల్లకును తిట్టైనది. 'రండ' శబ్దమును ఇదే త్రోవ నడచెను. తిట్టుటకు విధవయే యేల తగినదన్న ప్రశ్నకు సమాధానము నిఘంటువులో లేదు, వంటింట కూర్చుండబెట్టిన పినతల్లి బ్రదుకులో నున్నది.

ఈ మాటలలోని ములుకు తెలిసినవారు మాఱుమాటలు వెదకిరి. వీరేశలింగము 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపిన తరువాత సంస్కర్తల రచనలలో 'వితంతువు' వ్యాపించినది. తంతువు లేనిది యని పదార్థము. ఆంగ్లమున అవివాహితకు చట్టము వాడిన 'స్పిన్‌స్టర్' దారము వడకునది. మనకు భర్తలేని స్త్రీ దారము తెగినది. రెండు చోట్లను స్త్రీని కొలుచుటకు దారమే దొరకినది! ఇంగ్లండులో ఆ మాట వివాహపత్రములనుండి 2005లో తొలగినది. మన శిష్టకుటుంబములలో 'పూర్వసువాసిని' యను మఱియొక మెత్తనిమాట కలదు. అది లేఖలలోనే గాని నోట నిలువలేదు.

'పేరంటాలు' వేఱొక దారి పట్టినది. పేరంటమునకు వచ్చు ముత్తైదువ పేరంటాలు. భర్తతో సహగమనము చేసి మరణించిన స్త్రీయు పేరంటాలే. ఆమె నిత్యసుమంగళియని భావించి గుడి కట్టిరి. పెనుగంచిప్రోలులోని తిరుపతమ్మ పేరంటాలు ఈ తీరమంతట ప్రసిద్ధము. ముత్తైదువగా మిగులుటకు ఇచ్చిన వెలను ఆ పదము చెప్పక దాచుచున్నది.

వ్యాకరణమును గూర్చి అడుగనివారు లేరు గనుక కొంచెము చెప్పెదము. తెలుగున ఏకవచనమున స్త్రీ అమహత్తుతో చేరును. సీత వచ్చినది, ఆవు వచ్చినది. బహువచనమున మనుష్యులతో చేరును. స్త్రీలు వచ్చిరి, ఆవులు వచ్చినవి. చిన్నయసూరి 1858లో దీనిని సూత్రించినందున ఆయన స్త్రీలను జడములతో కట్టెనని కొందఱు నిందింతురు. అది అన్యాయము. ఈ విభాగము వ్యాకర్తలకన్న వేలయేండ్లు పాతది. మూలద్రావిడమునందే ఇట్లుండెననియు, తమిళమునందలి ప్రత్యేక స్త్రీప్రత్యయము తరువాతి నిర్మాణమనియు భద్రిరాజు కృష్ణమూర్తిగారు వాదించిరి. మనకు ముఖ్యమైనది వేఱు. గౌరవబహువచనము వచ్చి ఈ గీతను దాటించినది. 'అమ్మగారు వచ్చినారు' అన్నపుడు స్త్రీ అమహత్తునుండి మహత్తులోనికి అడుగిడుచున్నది. వెలనాటి యిండ్లలో నేటికిని 'నాన్నగారు వచ్చారు, అమ్మ వచ్చింది' అనియే పిల్లలు పలుకుదురు. అది చనువా, చులకనయా? పిల్లలను అడిగిన చనువందురు. అమ్మ నడిగినవారు తక్కువ.

ఇరువదవ శతాబ్దమున ఈ మాటల తగవు రంగస్థలమునకును చట్టమునకును ఎక్కినది. బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారు స్త్రీపాత్రలు ధరించి ఆంధ్రదేశమును మెప్పించిరి. తెనాలి శ్రీరామవిలాససభ ఆయన కీర్తికి ముఖ్యస్థానము. సత్యభామ, చిత్రాంగి, రోషనార, చింతామణి, మధురవాణి ఆయన ధరించిన పాత్రలు. 1956లో పద్మశ్రీ లభించినది, 1971లో కీర్తిశేషులైరి. చింతామణి, మధురవాణి వేశ్యపాత్రలు. పురుషుడు సానివేషము వేసిన సభ్యులు తన్మయులై చప్పట్లు చఱచిరి. ఆ విద్యకు పుట్టినిల్లైన కులపు స్త్రీ అదే రంగమునెక్కిన, ఆమెకు సాని యను మాటయే స్వాగతము. ఇది స్థానంవారి దోషము కాదు, వారి ప్రతిభకు మేము తలయొగ్గుచున్నాము. కాని ఆ చప్పట్లు పదమును శుభ్రపఱుపలేకపోయినవి.

సానికులమువారే పదమును విడిచిరి. 'భోగమువారు' అను పేరు పోయి 'కళావంతులు' వచ్చినది. ఆ పేరునకును పాతవాసన సోకగా 'సూర్యబలిజ' యను పేరు గ్రహించిరి. 1947లో మదరాసు రాష్ట్రమున దేవదాసీల సమర్పణమును నిషేధించు చట్టము వచ్చినది. అప్పటికి ఈ మూడు పట్టణములు ఆ రాష్ట్రములోనివే. ఆంధ్రప్రదేశమునకు ప్రత్యేకముగా 1988లో చట్టమైనది. వెలనాటి శాసనములకు పరిచితమైన మాట సాని కాగా, చట్టము 'దేవదాసి' యనినది. ఆ చట్టపుమాటను నేడు శాసనములమీదికి వెనుకకు మోసికొనిపోవువారు కలరు. గుడిసాని యన్నచో దేవదాసి యని కుండలీకరణములో వ్రాయుట పరిశోధకవిద్యార్థులకు అలవాటైనది. వ్రాయవలదు. శాసనమున ఏ మాట యున్నదో ఆ మాటనే యుంచి, ఆ స్త్రీ ఏమి యిచ్చెనో, ఎవరి కూఁతురినని చెప్పుకొనెనో వ్రాసిన చాలును.

భట్టిప్రోలు ఇపుడు 2022లో ఏర్పడిన బాపట్ల జిల్లాలో నున్నది. సాని శబ్దపు మూడు శాఖలలో దొరసాని ఆంగ్లేయులతో పోయి, తెలంగాణమున దొరల గడీలలో మఱికొంతకాలము నిలిచినది. మంత్రసాని ఆసుపత్రులు వచ్చినపిమ్మట మెల్లగా తప్పుకొన్నది. ఆమె స్థానమున వచ్చిన స్త్రీని తెనాలి, రేపల్లె పల్లెలలో నర్సమ్మ యందురు. సాని పోయిన చోటికి అమ్మ వచ్చినది.